భుజంలో పెద్ద చిరుగు: కుట్టగలరా అన్నది ఒకటి, అతుక్కుంటుందా అన్నది ఇంకొకటి

ఎమ్మారై రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్ళూ సెంటీమీటర్ల మీదే పడతాయి. 1 సెం.మీ. లోపు చిన్న చిరుగు, 3 దాకా మధ్యరకం, 3 నుంచి 5 పెద్దది, 5 దాటితే భారీది. నా కుడి భుజంలో సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్ అనే రెండు టెండన్లు (కండని ఎముకకి పట్టి ఉంచే గట్టి కొసలు) కలిపి 4 సెం.మీ. మేర ఎముక నుంచి ఊడిపోయాయి. బెంగళూరులో ఫిజియోథెరపిస్టుగా ఇలాంటి రిపోర్టులు రోజూ చదివే పని నాది. అందుకని ఆ 4 దగ్గర ఆగకుండా కిందికి వెళ్ళి ఇంకో రెండు విషయాలు వెతికాను. ఊడిన టెండన్ ఎంత లోపలికి జారింది? దాని వెనక కండలో కొవ్వు ఎంత చేరింది? ఏ ఆపరేషన్ చెయ్యాలన్నది చాలావరకు తేల్చేవి ఇవే.

భుజం కీలులో గిన్నెకి లోతు తక్కువ. చేతి ఎముక గుండ్రటి తల అందులోంచి జారిపోకుండా నాలుగు కండరాల టెండన్లు చుట్టూ పట్టి ఉంచుతాయి. పైన సుప్రాస్పైనేటస్, వెనక ఇన్‌ఫ్రాస్పైనేటస్, దాని కింద టీరిస్ మైనర్, ముందువైపు సబ్‌స్కాపులారిస్. ఈ నాలుగూ కలిస్తే రొటేటర్ కఫ్. చెయ్యి ఎత్తడంలో మోటు పని బయట కనిపించే డెల్టాయిడ్ కండది. అది లాగుతున్నంతసేపూ తలని గిన్నె మధ్యలో అదిమి ఉంచే బాధ్యత కఫ్‌ది. కఫ్ ఊడిందంటే డెల్టాయిడ్ లాగినప్పుడల్లా తల పైకి జరిగి, మీదున్న అక్రోమియన్ ఎముకకి తగులుతుంది.

ఊడిన టెండన్ ఉన్నచోట ఉండదు. కండ దాన్ని లోపలికి లాక్కుంటుంది. అతుక్కోవాల్సిన చోటికి దగ్గర్లోనే ఉంటే ఒకటో దశ, ఎముక తల మీద సగంలో ఉంటే రెండు, గిన్నె అంచుదాకా పోతే మూడు. కొవ్వుకి ఫ్రాన్స్‌కి చెందిన సర్జన్ గుటాలియే 1994లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. కండలో కొవ్వు లేకపోతే 0, చారలుగా ఉంటే 1, కండకన్నా తక్కువుంటే 2, సమానమైతే 3, కండనే మించిపోతే 4. మూడుకి చేరిన కండ, టెండన్‌ని ఎంత చక్కగా కుట్టినా, వెనక్కి రాదు. చేరిన కొవ్వు పోదు. నాది జారుడులో రెండు, కొవ్వులో రెండు. అంటే సరిగ్గా హద్దు మీద ఉన్నట్టు.

ఇక్కడ స్కానింగ్ సెంటర్లో అడగాల్సిన మాట ఒకటుంది. కొవ్వుని లెక్కగట్టాలంటే పక్కకోత బొమ్మలు రెక్క ఎముక వై ఆకారంలో కనిపించేంత లోపలికి వెళ్ళాలి. చాలా స్కాన్లు కీలు దాటగానే ఆగిపోతాయి. అలాంటి సీడీ పట్టుకెళ్తే సర్జన్‌కి కండ సంగతి తెలియదు, మళ్ళీ స్కాన్, మళ్ళీ డబ్బు. "వై వ్యూ వచ్చేదాకా తీయండి" అని ముందే చెబితే టెక్నీషియన్‌కి అర్థమవుతుంది. దాంతోపాటు నిలబడి తీసిన మామూలు ఎక్స్‌రే కూడా కావాలి. ఎమ్మారైలో పడుకుని ఉంటాం కాబట్టి తల పైకి జరిగిన సంగతి సరిగా బయటపడదు. ఎక్స్‌రేలో ఎముక తలకీ అక్రోమియన్‌కీ మధ్య ఖాళీ మామూలుగా 7 నుంచి 14 మి.మీ. ఉంటుంది. 6 మి.మీ. కన్నా తగ్గితే చిరుగు పాతదనీ, పెద్దదనీ, కుట్టుకి లొంగకపోవచ్చనీ అనుకోవాలి.

చేత్తో చేసే పరీక్షలని స్కాన్ ఉంది కదా అని దాటెయ్యకూడదు. మోచెయ్యి నడుముకి ఆనించి, డాక్టరు ముంజేతిని బయటికి తిప్పి వదిలేస్తారు. అది అక్కడే నిలవకుండా పొట్ట మీదికి వాలిపోతే ఇన్‌ఫ్రాస్పైనేటస్ పోయినట్టు. చెయ్యి నోటిదాకా తేవాలంటే మోచెయ్యి భుజం ఎత్తుకి లేస్తుంటే టీరిస్ మైనర్ కూడా పోయినట్టే. అరచేత్తో పొట్టని నొక్కమంటే మణికట్టు వంగిపోయి మోచెయ్యి వెనక్కి వెళ్ళిందా, ముందున్న సబ్‌స్కాపులారిస్‌ని అనుమానించాలి. ఇక చెయ్యి 90 డిగ్రీలు కూడా లేవనివాళ్ళున్నారు. అది నిజంగా బలం లేకనా, నొప్పి వల్లా అని తేల్చడానికి కీలు పైభాగంలో మత్తు ఇంజెక్షన్ వేసి, కాసేపాగి మళ్ళీ ఎత్తమంటారు. నొప్పి పోగానే చెయ్యి లేస్తే పెద్ద ఆపరేషన్ మాట పక్కన పెట్టొచ్చు. కీలు మార్చాలన్న మాటతో వచ్చి ఈ ఒక్క ఇంజెక్షన్‌తో కసరత్తులకి మళ్ళినవాళ్ళని చూశాను.

సర్జన్ గది దగ్గర జరిగిన మాట ఉన్నదున్నట్టు చెప్తాను. ఆయనది కర్నూలు వైపు. "కుట్టగలనా లేదా అన్నది బల్ల మీద తెలుస్తుంది సార్. కుట్టింది అతుక్కుంటుందా అన్నది మాత్రం ఇప్పుడే, ఈ కుర్చీలోనే అంచనా వేసుకోవాలి" అన్నాడు. చాలామంది పేషెంట్లకి ఈ రెండో ప్రశ్న ఎవరూ చెప్పరు, వాళ్ళూ అడగరు. 2004లో అమెరికాలోని సెయింట్ లూయిస్ వైద్యులు ప్రచురించిన ఫలితాలు చూడండి. పెద్ద, భారీ చిరుగులని కీహోల్ పద్ధతిలో (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో) కుట్టించుకున్న 18 మందికి కనీసం ఏడాది గడిచాక అల్ట్రాసౌండ్ తీస్తే 17 మందికి మళ్ళీ ఊడి ఉంది. విచిత్రం ఏమంటే వాళ్ళలో ఎక్కువమందికి నొప్పి తగ్గింది, చెయ్యి లేచింది. రెండో ఏడాదికి ఆ లాభం కొంత కరిగింది. అప్పటినుంచి కుట్టే పద్ధతులు బాగా మెరుగయ్యాయి. అయినా చివికిన చీరకి కొత్త దారంతో కుట్టేస్తే దారం తెగదు, పక్కనున్న గుడ్డే పిగులుతుంది. పాత టెండన్‌తో ఇప్పటికీ అదే ఇబ్బంది.

వయసు 65 దాటడం, షుగర్ అదుపులో లేకపోవడం, సిగరెట్, ఎముక గుల్లబారడం, మూడో దశ జారుడు, మూడో గ్రేడు కొవ్వు. వీటిలో ఎన్ని కలిస్తే అతుక్కునే ఆశ అంత తగ్గుతుంది. అన్నీ కలిసిన మనిషికి కుట్టు వేసి ఆరు వారాలు చేతిని స్లింగు పట్టీలో పెట్టడం మంచిపనని నేననను.

మరి దారులేమున్నాయి? మొదటిది ఆపరేషనే వద్దనుకోవడం. నెమ్మదిగా అరిగి ఊడిన చిరుగుతో, నొప్పి ఓర్చుకోగలిగి, చెయ్యి పైకి లేస్తున్న పెద్దవాళ్ళకి ఇదే ముందు ప్రయత్నించాలి. వెల్లకిలా పడుకుని చెయ్యి నిటారుగా నిలిపి చిన్న చిన్నగా ఊపడంతో మొదలుపెట్టి, వారాల మీద తలవైపు మంచాన్ని ఎత్తుకుంటూ చివరికి కూర్చుని చేసేదాకా డెల్టాయిడ్ ముందుభాగానికి పని నేర్పుతాం. మూడు నెలలు ఓపికగా చేస్తేనే ఫలితం కనిపిస్తుంది. కానీ కింద పడ్డ మర్నాటినుంచి చెయ్యి లేవనివాళ్ళకి ఈ సలహా వర్తించదు. మన చిత్తూరు, నెల్లూరు వైపువాళ్ళు చాలామంది ముందు పుత్తూరు కట్టు కట్టించుకుని, నెల ఆగి, తర్వాత బస్సెక్కుతారు. ఎముక విరిగితే కట్టు కింద అతుక్కోవచ్చేమో గానీ, ఎముకనుంచి ఊడి లోపలికి జారిన టెండన్ కట్టుతో తిరిగి రాదు. దెబ్బ తగిలి ఊడినది వారాల్లో కుడితే సులువు. నెలలు గడిచేకొద్దీ జారుతుంది, కొవ్వు చేరుతుంది.

రెండోది కీహోల్‌తో శుభ్రం చేసి, లోపల నలిగిపోయిన బైసెప్స్ (దండ ముందువైపు కండ) పొడవు టెండన్‌ని కత్తిరించి వదలడం. అది నొప్పి తగ్గించే పని, బలం ఇవ్వదు. దండ మీద కండ గుండ్రంగా ముద్దకడుతుంది. అలా వద్దనుకుంటే కత్తిరించిన కొసని ఎముకకి బిగిస్తారు.

మూడోది కుట్టు. పూర్తిగా రాకపోతే సగం కుట్టు. పైన కొంచెం కంత మిగిలినా ముందు సబ్‌స్కాపులారిస్, వెనక ఇన్‌ఫ్రాస్పైనేటస్ రెండూ సమంగా లాగేలా చేస్తే తల గిన్నెలో నిలుస్తుందని అమెరికా సర్జన్ బర్క్‌హార్ట్ చూపించాడు. పలచబడ్డ టెండన్ మీద కొలాజెన్ అతుకు వెయ్యడం కూడా ఇందులో భాగమే.

నాలుగోది పైపొర కొత్తగా కట్టడం. జపాన్‌కి చెందిన సర్జన్ మిహాటా తెచ్చిన పద్ధతి. తొడ పక్కనున్న ఫేషియా లాటా పొరని తీసి మడిచి, దళసరిగా చేసి, గిన్నె పైఅంచుకీ ఎముక తలకీ మధ్య బిగిస్తారు. తల పైకి జారకుండా అది ఆపుతుంది. తొడ మీద వేరే కోత, అక్కడ కొన్నాళ్ళ నొప్పి ఉంటాయి. కీలు అరిగినవాళ్ళకి పనికిరాదు.

ఐదోది వేరే కండని తెచ్చి ఇక్కడ కట్టడం. వీపు పక్కనున్న లాటిసిమస్ డార్సైని మళ్ళించే పద్ధతిని స్విట్జర్లాండ్ సర్జన్ గెర్బర్ 1988లో వివరించాడు. ఇప్పుడు మెడనుంచి వీపు మధ్యదాకా ఉండే ట్రపీజియస్ కండ కిందిభాగాన్ని వాడటం పెరిగింది. అది అక్కడిదాకా అందదు గనక మోకాలి వెనకనుంచి తీసిన టెండన్‌తోనో, దాత టెండన్‌తోనో పొడిగిస్తారు. చెయ్యి బయటికి తిప్పే శక్తి పోయిన, యాభై లోపు, బరువు పని చేసుకునే మనిషికి ఇది సరైన దారి. కొత్త కండకి కొత్త పని నేర్పడానికి నెలలు పడుతుంది. ఫిజియో దగ్గరికి రావడం కుదరనివాళ్ళు దీని జోలికి వెళ్ళకపోవడమే నయం.

మధ్యలో బెలూన్ ఒకటుంది. అక్రోమియన్‌కీ తలకీ నడుమ సెలైన్ నింపిన సంచి పెడతారు, నెలల్లో అది కరిగిపోతుంది. బ్రిటన్‌లో చేసిన పరీక్ష 2022లో లాన్సెట్‌లో వచ్చింది. బెలూన్ పెట్టినవాళ్ళకన్నా ఒట్టిగా శుభ్రం చేసినవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. ఎవరైనా ఉత్సాహంగా బెలూన్ అంటే ఈ సంగతి అడగండి.

చివరిది రివర్స్ భుజం మార్పిడి. ఫ్రాన్స్‌లో సర్జన్ గ్రామాంట్ 1985లో మొదలుపెట్టిన ఆలోచన. సహజంగా గిన్నె ఉన్న చోట బంతి, బంతి ఉన్న చోట గిన్నె బిగిస్తారు. కీలు తిరిగే కేంద్రం లోపలికి, కిందికి జరుగుతుంది. డెల్టాయిడ్ సాగి, కఫ్ సాయం లేకుండానే చెయ్యి ఎత్తగలుగుతుంది. అదే ఓపీలో నా ముందు హిందూపురంనుంచి వచ్చిన డెబ్బై దాటిన ఆవిడ కూర్చుని ఉంది. "తల దువ్వుకునేకి కూడా చెయ్యి పైకి రావడం ల్యా నాయనా" అంది. ఆమె ఎక్స్‌రేలో తల వెళ్ళి అక్రోమియన్‌కి తగులుకుని ఉంది, కీలు అరిగింది. కుట్టు మాట ఎత్తే పనే లేదు, ఆమెకి రివర్సే సరి. అయితే కొడుకుకి నేనొక మాట చెప్పాను. ఆ చెయ్యి పైకి లేస్తుంది గానీ వెనక్కి వెళ్ళడం కష్టమవుతుంది. రవికె హుక్కులు వెనకుంటే ముందుకి మార్పించాలి, చీర కుచ్చెళ్ళు దోపుకోవడం, వెనక కడుక్కోవడం ఏ చేత్తోనో ముందే ఆలోచించుకోవాలి. ఎడమ భుజం అయితే ఈ ఇబ్బంది మన ఇళ్ళలో రెట్టింపు. ఇంకోటి, కింద కూర్చుని అరచెయ్యి నేలకి ఆనించి లేవడం మొదటి మూడు నెలలు పనికిరాదు. చెయ్యి వెనక్కి వెళ్ళి, లోపలికి తిరిగి, దాని మీద బరువు పడితే కొత్త కీలు జారేది సరిగ్గా ఆ భంగిమలోనే. కొన్ని నెలల తర్వాత భుజం పైఎముక మీద కొత్తగా నొప్పి మొదలైతే తేలిగ్గా తీసుకోకూడదు. సాగిన డెల్టాయిడ్ లాగుడుకి ఒక్కోసారి అక్రోమియన్ సన్నగా చిట్లుతుంది.

నా విషయంలో నిర్ణయం కుట్టు. యాభై ఎనిమిదేళ్ళు, షుగర్ లేదు, కొవ్వు రెండు, సబ్‌స్కాపులారిస్ బాగుంది. లోపల టెండన్ రాకపోతే సగం కుట్టుతో సరిపెడతానని సర్జన్ ముందే కాగితం మీద రాయించుకున్నాడు.

ముందు ఏర్పాట్లలో ఎక్కువమంది పట్టించుకోనివి రెండు. ఒకటి ఇంజెక్షన్ల లెక్క. భుజంలో స్టెరాయిడ్ వేయించుకుని నెలలోపు ఆపరేషన్ చేస్తే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది, చాలామంది సర్జన్లు మూడు నెలలు ఆగుతారు. అంతకుముందు వేరే ఊళ్ళో వేయించుకున్నదైనా చెప్పాలి. రెండోది చర్మం. భుజం దగ్గర ఉండే క్యూటిబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి నూనె గ్రంథుల్లో దాక్కుంటుంది, చర్మం శుభ్రం చేసే మామూలు క్లోర్‌హెక్సిడిన్‌తో పూర్తిగా పోదు. అందుకే మొటిమలకి రాసే 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్‌ని కొన్ని రోజులు ముందునుంచి భుజానికి, చంకకి రాయమంటారు. తువ్వాళ్ళ రంగు పోతుంది, పాతవి వాడుకోండి. ఇంట్లో బ్లేడుతో చంక గీసుకోవద్దు. ఆస్పత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు.

ఇన్సూరెన్స్ సంగతి. ఎస్టిమేట్‌లో సర్జన్ ఫీజు, ఓటీ, గది కనిపిస్తాయి. అసలు బరువు ఇంప్లాంట్ల గడిలో ఉంటుంది. కీహోల్ కుట్టులో ఎముకలో బిగించే యాంకర్లు ఒక్కోటి విడిగా లెక్క. ఎన్ని పడతాయో, ఏ కంపెనీవో, ఎక్కువ పడితే ఎవరు భరిస్తారో ముందే అడగాలి. ఆపరేషన్ తర్వాత ప్రతి యాంకర్ డబ్బా మీది స్టిక్కర్‌ని కేస్ షీటులో అతికిస్తారు. ఆ పేజీ నకలు, ఇంప్లాంట్ బిల్లు డిశ్చార్జి రోజే తీసుకోండి. రీయింబర్స్‌మెంట్‌లో టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) వాళ్ళు తిరగ్గొట్టేది ఎక్కువగా వీటికోసమే. కీలు మార్పిడి అయితే పాలసీలో వెయిటింగ్ పీరియడ్ ఉందేమో చూసుకోవాలి, చాలావాటిలో ఉంటుంది.

ఆపరేషన్ ఉదయం మెడ పక్కన అల్ట్రాసౌండ్ పెట్టి నరాల దగ్గర మందు వేశారు. ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ అంటారు. తర్వాత పూర్తి మత్తు. బ్లాక్ వల్ల ఆ పక్క కనురెప్ప వాలడం, గొంతు బొంగురుపోవడం, ఊపిరి నిండా అందనట్టుండటం జరుగుతాయి. చుట్టుపక్కల ఉన్న వేరే నరాలకి కూడా మందు సోకడమే కారణం, ఊపిరి విషయంలో అది ఆ పక్క డయాఫ్రమ్ (ఊపిరి పీల్చే కండ) నరం. మందు దిగితే అన్నీ పోతాయి. కానీ ఆస్తమా, పొగతాగి పాడైన ఊపిరితిత్తులు ఉన్నవాళ్ళు మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి, ఆయన వేరేచోట బ్లాక్ ఎంచుకుంటాడు.

లోపల ఏం చేశారన్నది ఆపరేషన్ నోట్స్‌లో, వీడియోలో చూశాను. అక్రోమియన్ వెనక మూలకి 2 సెం.మీ. కింద మొదటి రంధ్రం, కెమెరా అందులోంచి వెళ్ళింది. మరో నాలుగు చిన్న కోతలు. బైసెప్స్ టెండన్ సగం పీచులు లేచి ఉంటే దాన్ని కత్తిరించి గాడిలో బిగించాడు. తర్వాత చాలాసేపు కుట్టు జోలికే పోలేదు. టెండన్ చుట్టూ పేరుకున్న అతుకుల్ని విడదీస్తూ, పట్టకారుతో కొసని పట్టి లాగి చూడటం, మళ్ళీ విడదీయడం. వీడియోలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. పట్టకారు వదలగానే టెండన్ గబుక్కున వెనక్కి పోతే ఇంకా బిగువు ఉన్నట్టు. చెయ్యి పక్కకి ఎత్తితే గానీ ఎముకకి అందని టెండన్‌ని అలాగే కుట్టేస్తే, స్లింగ్ తీసి చెయ్యి దించిన రోజున కుట్టు దాన్ని కోసేస్తుంది. చివరికి చెయ్యి పక్కనే ఉంచినా అతుకు చోటుకి వచ్చింది. కొంచెం తక్కువైతే అతుకు చోటునే 5 నుంచి 10 మి.మీ. లోపలికి జరుపుతారు, అదీ ఒక ఉపాయం.

ఎముక మీద పైపొరని సన్నగా గీకి, రక్తపు చుక్కలు కనిపించగానే ఆపేశాడు. ఎక్కువ గీకితే యాంకర్ పట్టుకోవడానికి గట్టి పొర మిగలదు. చిరుగు పాతదైతే ఆ ఎముక వాడకం లేక అప్పటికే మెత్తబడి ఉంటుంది. యాంకర్ బిగించాక దారం లాగితే ఊడి చేతికి రావడం అలాంటి ఎముకలోనే. అప్పుడు ఇంకా లావు యాంకర్ వేస్తారు. నాకు మృదులాస్థి అంచున రెండు యాంకర్లు, వాటి దారాలు టెండన్ అంచునుంచి 12–15 మి.మీ. లోపలగా గుచ్చి, పైనుంచి కిందికి దాటించి బయటివైపు ఇంకో రెండు యాంకర్లతో నొక్కిపట్టాడు. ఇదే డబుల్ రో. దారం మరీ లోపల, కండ మొదలయ్యే చోట గుచ్చితే కుట్టు నిలిచి, దానికి వెనక టెండన్ కొత్తగా తెగుతుంది. అలా తెగినదాన్ని మళ్ళీ కుట్టడానికి మిగిలే ముక్క చాలా తక్కువ. మరీ అంచున గుచ్చితే దారం కోసుకుని బయటికి వచ్చేస్తుంది.

బయటికి వచ్చేసరికి భుజం, మెడ, ఛాతీ ఉబ్బి ఉంటాయి. లోపల మూడు లీటర్ల సెలైన్ సంచులు ఒకదాని వెంట ఒకటి పారించడం వల్ల చేరిన నీరు అది. ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది.

బ్లాక్ 12 నుంచి 18 గంటలు పనిచేస్తుంది, ఆ తర్వాత నొప్పి ఒక్కసారిగా మీద పడుతుంది. తప్పించుకునే దారి ఒకటే. చేతివేళ్ళలో తిమ్మిరి సడలుతున్నప్పుడే, నొప్పి లేకపోయినా, రాసిచ్చిన మాత్రలు మొదలుపెట్టాలి. "నొప్పి లేదు కదా, ఎందుకు మందులు" అని రాత్రి పదింటికి మానేసినవాళ్ళు తెల్లవారుజామున మూడింటికి నర్సుని పిలుస్తారు. తిమ్మిరి చెయ్యికి వేడి తెలియదు, నొక్కుడూ తెలియదు. మోచెయ్యి కింద మెత్త పెట్టండి, ఐసు గుడ్డలో చుట్టి పావుగంటకి మించకుండా పెట్టండి.

తర్వాత వచ్చే ఆరు వారాలు. నన్నడిగితే ఆపరేషన్ కన్నా ఇవే కష్టం, ఇవే ముఖ్యం. నడుముకి దిండున్న స్లింగ్ వేస్తారు. మోచెయ్యి శరీరానికి కొంచెం ముందు, ముంజెయ్యి నేలకి సమాంతరంగా, మణికట్టు దిండు చివర దాటి వేలాడకుండా ఉండాలి. వేలాడితే సాయంత్రానికి వేళ్ళు ఉబ్బుతాయి. పట్టీ మెడని కోయకూడదు, అవతలి భుజం మీద పడాలి. నిద్ర వాలుకుర్చీలోనే. లేదంటే వీపుకి మూడు దిళ్ళు, మోచేతి కింద ఒకటి. మోచెయ్యి భుజం కన్నా వెనక్కి వాలిందంటే కొత్త కుట్టు మీద లాగుడు పడుతుంది. అర్ధరాత్రి నొప్పులకి సగం కారణం ఆ మోచేతి కింద దిండు లేకపోవడమే.

చొక్కా ముందు గుండీలది, ఒక సైజు పెద్దది. వేసుకునేటప్పుడు ఆపరేషన్ చెయ్యి ముందు, తీసేటప్పుడు చివర. స్నానంలో బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగితే చెయ్యి దానంతటదే వేలాడి చంక తెరుచుకుంటుంది. సబ్బు అప్పుడే. బాగా ఆరబెట్టకపోతే రెండో వారానికి చంకలో ఒరిసి, ఫంగస్ పట్టి, దానికి వేరే మందు.

తిండి సంగతి. బైసెప్స్ ముట్టుకోని ఆపరేషన్ అయితే మోచెయ్యి నడుముకి ఆనించి, కంచాన్ని పీట మీద ఎత్తుగా పెట్టుకుని కుడిచేత్తో కలుపుకుని తినడానికి కొన్ని రోజుల తర్వాత చాలామంది సర్జన్లు ఒప్పుకుంటారు. నాలాగా బైసెప్స్ బిగించి ఉంటే ఆరు వారాలు మోచెయ్యిని సొంత బలంతో మడవకూడదు. ఎడమచేత్తో చెంచా. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళ మొహాలు అదోలా అయ్యాయి గానీ పెరుగన్నం పెరుగన్నమే. ఎడమ భుజం ఆపరేషన్ అయినవాళ్ళకి బాత్రూంలో జెట్ స్ప్రే ముందునుంచి వాడటం, కుడిచెయ్యి అలవాటు చేసుకోవడం ఆపరేషన్‌కి వారం ముందే మొదలుపెట్టమంటాను.

కుట్టు ఊడేది కసరత్తులో తక్కువ, అసంకల్పితంగా చేసే పనుల్లో ఎక్కువ. బల్ల మీదినుంచి జారిన గ్లాసుని పట్టబోవడం, దుప్పటి లాక్కోవడం, ఆటో గుంతలో పడగానే కమ్మీ పట్టుకోవడం. బెంగళూరు రోడ్ల మీద ఆ చివరిది మాటలు కాదు. మంచి చేతికి కమ్మీ అందే పక్కన కూర్చోండి, డ్రైవరుకి స్లింగ్ చూపించి మెల్లగా పొమ్మనండి.

భుజాన్ని ఎప్పుడు కదపాలి అన్నదాని మీద సర్జన్లలో తేడాలున్నాయి. చిన్న చిరుగుకి తొందరగా మొదలుపెట్టొచ్చు. పెద్దదానికి ఆలస్యమే మంచిదని నా పక్షం. భుజం బిగుసుకుపోతే తర్వాత వదిలించే దారులున్నాయి, ఏడాదికి చాలావరకు వదులుతుంది. ఊడిన టెండన్‌కి రెండో అవకాశం మొదటిదంత మంచిగా ఉండదు. మొదటి రెండు వారాలు వేళ్ళు, మణికట్టు, రెక్క ఎముకల్ని వెనక్కి దగ్గరకి తేవడం మాత్రమే. తర్వాత ఆరో వారందాకా మరొకరు చెయ్యి పట్టుకుని ముందుకి 90 డిగ్రీల లోపు, బయటికి 20–30 డిగ్రీల లోపు కదపడం. తలుపుకి కట్టే కప్పీ తాడుని చాలాచోట్ల ఈ దశలోనే ఇచ్చేస్తారు. తాడుతో లాగేటప్పుడు ఆపరేషన్ చెయ్యి కండలు కూడా పనిచేస్తాయి, అది పూర్తి విశ్రాంతి కదలిక కాదు. నేను ఎనిమిదో వారం ముందు ఇవ్వను.

ఆరునుంచి పన్నెండు వారాలు కర్ర పట్టుకుని పడుకుని ఎత్తడం, బల్ల మీద తువ్వాలు జరపడం, మెల్లగా సొంత బలంతో. అద్దం ముందు చేయండి. చెయ్యి లేచేటప్పుడు భుజం చెవివైపు లేస్తుంటే కఫ్‌కి అంత బలం ఇంకా రాలేదు, మళ్ళీ పడుకుని చేసే కసరత్తుకి వెళ్ళాలి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఈ దశే. నొప్పి పోయింది, స్లింగ్ పోయింది, మనిషికి ధైర్యం వచ్చింది. లోపల అతుకు మాత్రం సగం బలం కూడా పుంజుకోలేదు. మళ్ళీ ఊడటాల్లో ఎక్కువభాగం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే. నీళ్ళ బిందె, గ్యాస్ సిలిండర్, మనవడు, ఈ మూడింటినీ పేరుపెట్టి నిషేధిస్తాను. పన్నెండో వారం దాటాక అన్నిటికన్నా తేలికైన రబ్బరు బ్యాండు, అరకేజీ బరువు. స్కూటర్ మూడు నాలుగు నెలల తర్వాత, అదీ బ్రేకు గట్టిగా పట్టినా నొప్పి లేకపోతేనే. బస్సులో పైకమ్మీకి వేలాడటం, తలపైకి బరువెత్తడం ఆరు నెలల ముందు లేదు.

గాయం ఆరిపోయి నెలలు గడిచాక కూడా బిగుతు పెరుగుతూ, సన్నని నొప్పి వదలకుండా ఉంటే, జ్వరం లేకపోయినా, ఆ చర్మపు సూక్ష్మజీవిని అనుమానించాలి. అది ఎర్రబడదు, చీము కారదు, నెమ్మదిగా పనిచేస్తుంది. రక్తపరీక్షలు మామూలుగానే ఉండొచ్చు. లోపలినుంచి తీసిన నమూనాని ల్యాబులో రెండు వారాలు ఉంచితే గానీ బయటపడదు. మూడు రోజులకే నెగటివ్ అని రాసిచ్చిన కాగితాన్ని నమ్మొద్దు.

ఆరో నెలలో చేసిన అల్ట్రాసౌండ్‌లో నా టెండన్ ఎముకకి అంటుకునే ఉంది, కొంచెం పలచబడింది. చెయ్యి పూర్తిగా లేస్తుంది, తల పైకి రెండు కేజీలు దాటితే అలుపు తెలుస్తుంది. అదే రోజు ఎడమ భుజానికి కూడా ప్రోబ్ పెట్టించాను. ఒక పక్క కఫ్ చిరిగినవాళ్ళకి రెండో పక్క నొప్పి లేకుండానే చిరుగు ఉండటం వయసుతో పాటు ఎక్కువవుతుంది. పైగా అన్ని వారాలు రెండు చేతుల పనీ అదొక్కటే మోసింది. అక్కడ సుప్రాస్పైనేటస్ ముందంచున చిన్న సగం మందం చిరుగు దొరికింది. దానికి కుట్టు అక్కర్లేదు. కసరత్తులు, ఏడాదికోసారి అల్ట్రాసౌండ్.